బోగీ కాపలాదారు

కూర్చుని కాళ్లూపితే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అమ్మమ్మ అనేది. నా కాళ్ల ధాటికి ఆ తల్లి ఎప్పుడో పొలిమేర దాటి ఉంటుంది. పగలంతా బుద్ధిగా ఉండే కాళ్లు దీపాలు పెట్టే వేళకు మొదలుపెడతాయి. నొప్పీ కాదు, తిమ్మిరీ కాదు. పిక్కల లోపల ఏదో పాకుతూ లాగుతూ ఉంటుంది. కదిపితే హాయి, ఆపితే మళ్లీ మామూలే. ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే ఈ బాధ గురించి రాశాడు. 1945లో ఎక్‌బోమ్ అనే స్వీడన్ డాక్టరు ‘రెస్ట్‌లెస్ లెగ్స్’, అంటే కుదురులేని కాళ్లు, అని నామకరణం చేశాడు. మా ఆవిడ మాత్రం "ఇంకెంతసేపు తొక్కుతారు ఆ కుట్టుమిషను?" అంటుంది.

అలాంటి నాకు సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లే రాత్రి రైలులో సైడ్ అప్పర్ బెర్తు వచ్చింది. కాజీపేట దాటకముందే బెర్తు దిగాను. నడవలో ఆ చివరికీ ఈ చివరికీ పచార్లు. ఎక్కడం, కాళ్లు లాగడం, మళ్లీ దిగడం. ఎదుటి బెర్తులో ఒకావిడ చేతిసంచిని తలకింద పెట్టుకుని, నేను అటు వెళ్లినప్పుడల్లా ఒక కన్ను తెరిచింది.

చివరికి నా కింది బెర్తు తాతగారు నిలదీశారు. "ఎవరి కోసం బాబూ వెతుకుతున్నావు?"

రోగం మొత్తం వివరించాను. మెదడులో డోపమైన్ అనే రసాయనం, ఒంట్లో ఇనుము కొరత, దాన్ని తేల్చే ఫెర్రిటిన్ పరీక్ష, డాక్టరు రాసిన మాత్రలు, అన్నీ. ఆయన శ్రద్ధగా విని తలూపారు.

"అయితే తెల్లవార్లూ మేలుకునే ఉంటావన్నమాట. ఏలూరులో నన్ను లేపు నాయనా."

అంతవరకూ నన్ను దొంగగా చూసిన ఆవిడ రెండో కన్ను కూడా తెరిచింది. "మాది తాడేపల్లిగూడెం అన్నయ్యగారూ!" పై బెర్తు నుంచి ఒక కుర్రవాడు సామర్లకోట అన్నాడు. ఇంకెవరో రాజమండ్రి. ఒకాయన జాలిపడి, నిద్ర వస్తుందంటూ జలుబు మాత్ర ఇవ్వబోయాడు. మత్తు తెచ్చే జలుబు మాత్రలు చాలావరకు ఈ కాళ్లను ఇంకా రెచ్చగొడతాయి. దండం పెట్టి వద్దన్నాను.

టీ సంగతి వేరు. సాయంత్రం తర్వాత కాఫీ టీలు ముట్టవద్దని డాక్టరు ఆజ్ఞ. కానీ లేపినందుకు తాతగారు ఏలూరు ప్లాట్‌ఫారం మీద నుంచి కిటికీలో కప్పు అందిస్తే కాదనడం ఎలా? తాడేపల్లిగూడెం ఆవిడా అదే మర్యాద చేసింది. ఆ మర్యాదలన్నీ నేరుగా పిక్కల్లోకి దిగాయి. గోదావరి వంతెన పొడవునా బోగీలో నడిచాను.

తెల్లవారుజామున ఈ రోగానికి కొంచెం దయ కలుగుతుంది. సామర్లకోట వచ్చేసరికి కాళ్లు చల్లబడ్డాయి, కళ్లు మూతలు పడుతున్నాయి. కుర్రవాణ్ణి తట్టి లేపాను. సంచీ భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు.

"అంకుల్, తిరుగు ప్రయాణం ఎప్పుడు? బోగీ నంబరు చెబితే నేనూ అందులోనే టికెట్ తీసుకుంటాను."