వంద చదరపు అడుగుల్లో ఇంటిల్లిపాదికీ కూరగాయలా? లెక్క చూద్దాం

టమాటా ధర పెరిగిందంటే చాలు, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ మెసేజ్ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటినప్పుడైతే ఒక్క రోజులోనే ముగ్గురు పంపారు. చూడని వాళ్ళ కోసం దాని సారాంశం ఇదీ:

"మిద్దె మీద వంద చదరపు అడుగులు చాలు, నలుగురున్న ఇంటికి ఏడాదంతా కూరగాయలు కొనక్కర్లేదు. పైసా ఖర్చు లేదు. అడుగు మందాన మట్టి పరిచి విత్తనం చల్లండి. ఏ కూరగాయైనా ఏ నెలలోనైనా వస్తుంది. గుడ్డు పెంకులు, అరటి తొక్కల నీళ్ళు, ఎప్సమ్ సాల్ట్ వేస్తే కాపు రెట్టింపు. పిందెలు రాలితే పుల్ల మజ్జిగ పోయండి. మిట్టమధ్యాహ్నం నీళ్ళు పోయకండి, నీటి బొట్లు భూతద్దంలా ఆకుల్ని కాలుస్తాయి. కాయని బొప్పాయికి ఇనుప మేకు కొట్టండి. పది మందికి పంపండి."

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు మా బిల్డింగ్ మిద్దె మీద తొమ్మిదేళ్ళుగా తోట పెంచుతున్నాను. తోటలు వద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు. ఈ మెసేజ్ నమ్మి మొదలుపెట్టి, నాలుగు నెలలకే కుండీలన్నీ పాత సామాన్ల బండికి ఎత్తేసిన ఇళ్ళు మా వీధిలోనే మూడున్నాయి. వాళ్ళకు చెయ్యి తిరగక కాదు, వాళ్ళకు చెప్పిన మాటల్లోనే తప్పుంది. మెసేజ్ అంతా కుండీలో ఏం పోయాలో చెబుతుంది. ఎప్పుడు వేయాలి, ఎండ ఎక్కడ పడుతుంది అన్నది ఒక్క ముక్క లేదు. తోటలో సగం పని అదే.

ముందు ఆ వంద చదరపు అడుగుల సంగతి చూద్దాం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురికి 1.6 కిలోలు, ఏడాదికి 584 కిలోలు. ఇప్పుడు పంట వైపు రండి. దేశంలో కూరగాయల సగటు దిగుబడి ఎకరాకు ఏడు టన్నుల పైచిలుకు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. వంద అడుగుల వాటాకు ఒక పంటలో వచ్చేది 17 కిలోలు. ఏడాదికి మూడు పంటలు తీస్తే 50. మీరు రైతు కన్నా ముద్దుగా చూసుకుంటారు, రెట్టింపు పండిస్తారు అనుకుందాం. వంద కిలోలు. అది నలుగురికి రెండు నెలల కూర. మిగతా పది నెలలు రైతు బజారుకే పోవాలి.

ఇందులో ఒక్క మినహాయింపు ఉంది, అది ఆకుకూరలు. తోటకూర, మెంతికూర, పాలకూర, పుంటికూర, బచ్చలి... వీటికి వంద అడుగులు ధారాళంగా సరిపోతాయి. చాలావరకు మూడు నాలుగు వారాల్లో కోతకొస్తాయి, మూడు నాలుగు గంటల ఎండ ఉన్నా సర్దుకుంటాయి. మెసేజ్ రాసినాయన "ఆకుకూరలు కొనక్కర్లేదు" అని ఊరుకుని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

"ఏ నెలలోనైనా ఏ కూరగాయైనా" అన్నదే అన్నిటికన్నా ఎక్కువ మందిని ముంచింది. టమాటానే తీసుకోండి. జులైలో ధర మండుతుంది, మెసేజ్ వస్తుంది, జనం ఆ ఆదివారమే విత్తనాలు చల్లుతారు. విత్తనం వేసిన నాటి నుంచి తొలి కాయ కోసేదాకా మూడు నెలలకు తక్కువ పట్టదు. అంటే మన కాయ ఎర్రబడేసరికి అక్టోబరు. అప్పటికి బయట ధర దిగొస్తుంది. సరే, ఈసారి ముందే తెలివిగా ఉందామని మార్చిలో నాటారనుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన మిద్దె మీద పగలు 40 డిగ్రీలు, రాత్రి కూడా సెగ తగ్గదు. పగలు 35 దాటి, రాత్రి 25కు దిగకపోతే టమాటా పుప్పొడి పనికి రాకుండా పోతుంది. పూత విరగబూస్తుంది, రాలుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, పువ్వెంత! అప్పుడు ఎన్ని గుడ్డు పెంకులు వేసినా ఏం లాభం?

మృగశిర కార్తెలో, అంటే జూన్ 7, 8 తేదీల తర్వాత వానలు పడ్డాక ఒకసారి, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒకసారి టమాటా నారు పోసుకోండి. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బఠాణీ లాంటివి చలికాలానికే. ఎండాకాలంలో బెండ, గోరుచిక్కుడు, బీర, దోస, పుంటికూర బతుకుతాయి. వీటికి మధ్యాహ్నం కాస్త గ్రీన్ నెట్ నీడ ఇస్తే చాలు.

ఇక ఎండ. మెసేజ్‌లో ఈ మాటే లేదు కాబట్టి ఖండించడానికీ లేదు, కానీ చెప్పక తప్పదు. హైదరాబాద్‌లో ఏటా మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం నిటారు వస్తువుకు నీడ ఉండదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. దక్షిణం బాల్కనీలో జనవరిలో హాయిగా కాసిన వంగ, జూన్‌లో అదే చోట సన్నగా సాగిపోయిందంటే కారణం ఇదే. పై అంతస్తు స్లాబు అడ్డు, ఎండేమో అవతలి వైపు. కాయ కాసే మొక్కకు ఆరు గంటల నేరు ఎండ కావాలి. ఫోన్ పక్కన పెట్టి ఒక రోజు గంటకోసారి బాల్కనీలోకి తొంగి చూడండి, ఏ మూల ఎంతసేపు పడుతోందో తెలుస్తుంది.

గుడ్డు పెంకుల దగ్గరికి వద్దాం. టమాటా అడుగు నల్లబడి తోలులా అవుతుంది చూశారా, అది కాల్షియం లోపమే, అబద్ధం కాదు. పెంకులో 95 శాతం దాకా కాల్షియం కార్బొనేటే, అదీ నిజమే. రెండు నిజాలు కలిపితే మందు అవుతుందనుకున్నారు. నేనూ అనుకున్నాను. మూడో ఏడాది ఒక్కో టమాటా కుండీలో గుప్పెడు పెంకులు నలిపి వేశాను. పంటైపోయాక కుండీ బోర్లించి చూస్తే పెంకు ముక్కలు తెల్లగా, అంచులు వాడిగా, వేసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వేళ్ళు వాటి పక్క నుంచే దారి చేసుకుని పోయాయి. పెంకు కరగాలంటే ఆమ్లం కావాలి. మన బోరు నీళ్ళు అసలే క్షార గుణం. కాయలు మాత్రం ఎప్పటిలాగే నల్లబడ్డాయి.

అసలు సంగతేమిటంటే కాల్షియం మొక్కలో నీటితోపాటే ప్రయాణం చేస్తుంది. పొద్దున తడిపిన కుండీ మధ్యాహ్నానికి ఎండిపోయి, సాయంత్రం మళ్ళీ చెరువయిందంటే, మట్టిలో కాల్షియం ఉన్నా కాయ చివరిదాకా చేరదు. నాలుగో ఏడాది నేను చేసింది రెండే. కుండీ మీద ఎండుటాకులు నాలుగు వేళ్ళ మందాన కప్పడం, ఎండలు ముదిరాక రెండు పూటలా కొద్దికొద్దిగా పోయడం. నల్ల మచ్చలు చాలావరకు పోయాయి. పెంకులు పారేయక్కర్లేదు, కంపోస్టు డబ్బాలో వేయండి, ఏడాదికో రెండేళ్ళకో అక్కరకొస్తాయి.

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. నిజంగా మెగ్నీషియం తక్కువైతే ముదురాకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది. అలా కనిపిస్తేనే వేయాలి. మీ గీజర్లో తెల్లగా గట్టిగా పేరుకుంటోందంటే మీ బోరు నీళ్ళు కఠిన జలం, వాటిలో కాల్షియంతోపాటు మామూలుగా మెగ్నీషియమూ ఉంటుంది. దాని మీద నెలనెలా చెంచాలు పోస్తే ఎక్కువైన మెగ్నీషియం కాల్షియంను వేళ్ళలోకి పోనివ్వదు. అంటే పెంకులు వేసి నయం చేద్దామనుకున్న జబ్బుకు మనమే ఎరువు వేస్తున్నాం!

అరటి తొక్కలోంచి పొటాషియం నీళ్ళలోకి దిగుతుంది, ఒప్పుకుంటాను. కానీ తొక్కలో ఎక్కువ భాగం నీరే, బకెట్‌లోకి వచ్చేది కొద్దిగా. మూత పెట్టకుండా వదిలేసిన బకెట్‌లో డెంగీ దోమ పిల్లలు మాత్రం వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతాయి. తొక్కల్ని ముక్కలు చేసి కంపోస్టులో వేస్తే గొడవ లేదు.

మిట్టమధ్యాహ్నం బొట్ల భూతద్దం కథను 2010లో హంగరీ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. నున్నటి ఆకుల మీద నీటి బొట్టు కాల్చలేదు, గాజు గోళీలు కాల్చాయి. ఆకును పట్టుకుని ఉన్న బొట్టు కిరణాల్ని ఆకు మీద కేంద్రీకరించలేదు. నూగు దట్టంగా ఉండి బొట్టు ఆకుకు ఎడంగా నిలిస్తేనే కొంచెం అవకాశం. కాబట్టి మధ్యాహ్నం వాడిపోయిన మొక్కకు నీళ్ళు పోయండి, సాయంత్రం దాకా ఎండగట్టకండి. జాగ్రత్త పడాల్సింది పైపు విషయంలో. మేలో మిద్దె మీద పడి ఉన్న నల్ల పైపులో ముందుగా వచ్చే నీళ్ళకు చెయ్యి చుర్రుమంటుంది. ఆ నీళ్ళు వేళ్ళ మీద పడితే అంతే సంగతులు. చల్లబడేదాకా పక్కన బకెట్‌లో పట్టుకుని, ఆ తర్వాతే మొక్కకు పెట్టండి.

బొప్పాయికి మేకు... దీన్ని నవ్వి వదిలేయొచ్చు కానీ మా పెద్దవాళ్ళు కూడా కొట్టేవారు. పొడుగాటి కాడలకు గుత్తులుగా పూలు వేలాడితే అది మగ చెట్టు. ఆ గుణం గింజలోనే ఉంటుంది, ఇనుము దాన్ని మార్చలేదు. వాతావరణం మారినప్పుడు కొన్ని మగ చెట్లు వాటంతటవే కాసిని కాయలు కాస్తాయి. మేకు కొట్టిన చెట్టు అలా కాస్తే పేరు మేకుకొచ్చింది. చోటు తక్కువైతే రెడ్ లేడీ రకం తెచ్చుకోండి, అందులో మగ చెట్ల బెడద లేదు.

"అడుగు మందాన మట్టి పరచండి" అన్నది మాత్రం నవ్వే విషయం కాదు. మనుషులు తిరిగే మిద్దెను భవనాల మీద పడే బరువుల లెక్క చెప్పే ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కన కడతారు. వానకు తడిసిన ఎర్రమట్టి అడుగు మందాన ఉంటే చదరపు మీటరుకు 500 కిలోలు తూగుతుంది. అందుకే మట్టి పరచకూడదు. మట్టి తగ్గించి కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీ కంపోస్టు కలిపి మొక్కలు పెంచే బ్యాగుల్లో నింపండి. బరువైన వాటిని బీములు, పిల్లర్లు ఉన్న చోట గోడల వారగా పెట్టండి, మధ్యలో నడవడానికి ఖాళీ వదలండి. ముందుగా ఒకసారి ఇంజనీరుకు చూపించండి. "పైసా ఖర్చు లేదు" అన్నదానికి నా జవాబు నా నోట్‌బుక్కే. బ్యాగులు, కోకోపీట్, ఎరువు, పందిరి పైపులు, నెట్ అన్నీ కలిపి మొదటి ఏడాది 18 వేలు దాటింది. ఆ ఏడాది తిన్న కూరగాయల విలువ అందులో మూడో వంతు ఉంటుందేమో.

ఇక మిగిలింది పుల్ల మజ్జిగ. కరివేపాకుకు పోస్తే చిగురేస్తుందని అందరూ చెప్తారు. చలికాలమంతా ముడుచుకుని ఉండే కరివేప ఎండలు రాగానే దానంతటదే చిగురిస్తుంది. మజ్జిగ పోసేదీ అప్పుడే. కాస్త నత్రజని అందుతుందేమో, మహిమ మాత్రం కాదు.

పిందెలు రాలడానికి మజ్జిగతో అసలు సంబంధమే లేదు. మొన్న ఏప్రిల్‌లో మా కింది ఫ్లోర్ అక్క చేతిలో చెంబుతో పైకొచ్చింది. "పదిహేను పిందెలు పడితే పదిహేనూ పసుపెక్కి రాలినయి, ఇగ మజ్జిగ పోసుడే" అంది. బీర పాదు ఆరోగ్యంగానే ఉంది, ఆకులు అరచేయంత. "ఆరింటి దాకా ఆగక్కా" అన్నాను. బీర పూలు పొద్దున విచ్చుకోవు, సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకు మా మిద్దె మీదికి తేనెటీగలు రావు, నాలుగో అంతస్తు ఎత్తుకు రాత్రి పురుగులూ అంతంత మాత్రమే. పుప్పొడి అందని పిందె పసుపెక్కి రాలుతుంది.

ఆరు దాటాక పసుపు పూలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పువ్వు వెనకాల చిటికెన వేలంత బీరకాయ ఉంటే ఆడ పువ్వు, ఉత్త కాడే ఉంటే మగ పువ్వు. ఒక మగ పువ్వు తుంపి, రేకలు వెనక్కి మడిచి, నడిమి పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయమన్నాను. అక్క చెంబు గోడ మీద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని మూడు పూలకు రాసింది. సొరకూ ఇలాగే సాయంత్రమే చేయాలి. కాకర, దోస, గుమ్మడికైతే పొద్దున్నే.

వారం తిరిగేసరికి మూడింట్లో రెండు పిందెలు జానెడు సాగాయి. చెంబులో మజ్జిగ మాత్రం ఆ సాయంత్రమే ఇన్ని నీళ్ళు కలిపి, ఉప్పేసి, కరివేపాకు తుంచుకుని ఇద్దరం తాగేశాం.