స్పానిష్ అచ్చుల నెత్తినెక్కిన తిల్దే గారికి

అయ్యా,

భీమవరంలో రొయ్యల వ్యాపారం చేసుకునే మాకు, నూలుపోగంత ఏటవాలు గీతైన తమరితో పనేమిటని సందేహం రావచ్చు. మా చెరువుల్లో పెరిగే వనామీ రకం రొయ్యకు పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. ఎగుమతుల్లో మాకు పోటీగా నిలిచిన ఈక్వడార్ మాట్లాడేది స్పానిష్. అక్కడి ధరవరలు చదువుకోవాలంటే తమరి దర్శనం తప్పదు.

రొయ్యను కామరోన్ అంటారు. అది ఒంటరిగా ఉన్నప్పుడు చివరి ఓకారం మీద తమరు వేంచేసి ఉంటారు. కామరోనెస్ అని బహువచనం కాగానే దిగిపోతారు. అచ్చుతో గానీ, న్, స్‌లతో గానీ ముగిసే మాటలో చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తి పలకడం ఆనవాయితీ అనీ, అది తప్పిన చోటే తమరి అవసరమనీ వ్యాకరణం చెబుతుంది. నియమం సబబే. కానీ కిలోకు ఎన్ని తూగాయో కౌంటు చూసి కొనే ఊళ్లో, ఒంటి రొయ్యకు మాత్రమే గొడుగు పట్టే వారిని ఏమనాలి?

లాటిన్ అమెరికాలో పాపా అన్న మాటకు మొదటి అక్షరాన్ని ఒత్తితే బంగాళాదుంప, తమరు రెండో అక్షరమెక్కితే నాన్న. గోదావరి జిల్లాల్లో దుంప పేరెత్తగానే ఒక దీవెన నోటికొస్తుంది. తండ్రుల ప్రస్తావన గనుక మింగేస్తున్నాను.

తమరి పేరుతోనే చలామణీ అయ్యే, n అక్షరం నెత్తి మీది అలగీత సంగతి మరీ ఘోరం. ఆన్యో అంటే సంవత్సరం. అల చెరిగితే మిగిలే ఆనో అంటే మలద్వారం. నలభై ఏళ్లవాడు వయసు రాస్తూ, కీబోర్డులో ఆ గుర్తు దొరకక వదిలేస్తే, అంకె నిలిచి లెక్కించిన వస్తువు మారిపోతుంది.

1713లో పుట్టిన స్పెయిన్ భాషా సంస్థ రాయల్ అకాడమీ, ‘మాత్రమే’ అనీ ‘ఒంటరిగా’ అనీ రెండర్థాలున్న సోలో అనే మాట మీద తమరు అనవసరమని 2010లో తేల్చింది. ఆదివారాలు మాత్రమే పనిచేస్తాడా, ఆదివారాలు ఒంటరిగా పనిచేస్తాడా అన్న తేడా పోతుందని రచయితలు గొడవపడగా, అయోమయం ఉందని తోచినవారు పెట్టుకోవచ్చని 2023లో సర్దిచెప్పింది.

మా అసలు మనవి కొంప్రో గురించి. తమరు లేకుంటే ‘నేను కొంటాను’, చివరి అచ్చు మీద తమరుంటే ‘అతడు కొన్నాడు’. ఫోన్లో గబగబా సందేశాలు కొట్టేవారు తమరిని వదిలేస్తే, సరుకు ఎవరో కొనేశారో, కబురు పెట్టినవాడే కొంటానంటున్నాడో తెలియక మా కొంప కొల్లేరవుతుంది. కాబట్టి సోలో మీద కూర్చోవడం తమరి ఇష్టం. కొంప్రో మీద మాత్రం సెలవు పెట్టవద్దని కోరుతున్నాము.

ఇట్లు,
భీమవరం రొయ్యల వర్తకుడు