స్విన్‌బర్న్ టెస్ట్ పాసైన ఇంజినీర్లం

ట్రిపుల్ ఈలో, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్‌లో, ప్రాక్టికల్స్ సరిగా ఉండవని ఈమధ్య అందరూ తెగ బాధపడిపోతున్నారు. నాలుగేళ్ళు చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి కాబట్టి ఈ అపవాదుని ఖండించే బాధ్యత నామీద ఉంది.

మా మెషీన్స్ ల్యాబ్ సంగతే చూడండి. ఒక్క డీసీ షంట్ మోటారు, చుట్టూ ఎనిమిది మందిమి. ఒకడు త్రీ పాయింట్ స్టార్టర్ హ్యాండిల్ మెల్లగా జరిపేవాడు, ఒకడు వేగం కొలిచే టాకోమీటర్ పట్టేవాడు, ఒకడు అమ్మీటర్ చూసేవాడు, మిగిలిన ఐదుగురం గోడకి ఆనుకుని విద్యుత్ భద్రత నేర్చుకునేవాళ్ళం. రీడింగులు సరిగా రాకపోతే టెన్షన్ లేదు, సీనియర్ రికార్డు ఉంది. డీసీ జనరేటర్ గ్రాఫు సున్నా దగ్గర మొదలవ్వదు, ఫీల్డ్ కరెంటు అస్సలు ఇవ్వకపోయినా పోల్స్‌లో మిగిలిపోయిన కాస్త అయస్కాంతత్వం వల్ల కొన్ని వోల్టులు చూపిస్తుంది, దాన్ని రెసిడ్యువల్ మాగ్నెటిజం అంటారు. మా రికార్డులూ అంతే. మేం ఏ పనీ చేయకపోయినా పాత బ్యాచ్ వదిలిపోయిన రీడింగులు వాటంతటవే వచ్చేసేవి.

సర్క్యూట్లలో కరెంటు, వోల్టేజీల లెక్క తేల్చే రెండు సూత్రాలనీ కిర్కాఫ్ అనే శాస్త్రవేత్త 1845లో, 21 ఏళ్ళకి, ఇంకా విద్యార్థిగా ఉండగానే చెప్పేశాడని మా సారు మురిసిపోయేవారు. చెప్పడూ మరి! మార్జిన్లు గీసి, రికార్డు నింపి, సంతకం కోసం స్టాఫ్‌రూమ్ బయట నిలబడే పని ఆయనకి లేదుగా.

అన్నిటికన్నా నాకు నచ్చింది స్విన్‌బర్న్ టెస్ట్. మోటారుకి లోడ్ ఏమీ పెట్టకుండా ఉత్తినే తిప్పి, నష్టాలు కొలిచి, ఫుల్ లోడ్ మీద దీని ఎఫిషియెన్సీ ఇంత ఉంటుందని కాగితం మీద తేల్చేస్తారు. నిజంగా లోడ్ పడితే ఎంత వేడెక్కుతుంది, తిరిగే భాగానికి కరెంటు అందించే కమ్యుటేటర్ దగ్గర నిప్పురవ్వలు లేస్తాయా అన్నది మాత్రం ఇందులో తెలీదు. మా నాలుగేళ్ళ చదువుకీ సరిగ్గా ఇదే టెస్ట్ పెట్టారు. నాకు డెబ్భై ఎనిమిది శాతం వచ్చింది.

లోడ్ ఇంటి దగ్గర పడింది. "ఏ బ్రాంచ్ రా?" అని అడిగి, ట్రిపుల్ ఈ అంటే "అయ్యో, కంప్యూటర్స్ రాలేదా?" అని పరామర్శించే మా పెద్దమ్మ, ఆ సెలవుల్లో తిరగని ఫ్యాన్ చూపించింది. ఫ్యాన్‌లో ఉండే సింగిల్ ఫేజ్ మోటారు, కండెన్సర్ సాయం లేకుండా దానంతటది ఎందుకు స్టార్ట్ అవ్వదో డబుల్ రివాల్వింగ్ ఫీల్డ్ థియరీతో రెండు పేజీలు, బొమ్మలతో సహా, పరీక్షలో రాసినవాణ్ణి. ఫ్యాన్ కింద నిలబడి అదంతా గుర్తుచేసుకుంటూ ఉండగా వీధి చివర ఎలక్ట్రీషియన్ వచ్చి, కర్రతో రెక్కని ఒక్క తోపు తోసి, అది నీరసంగా తిరగడం చూసి, "కండెన్సర్ పోయింది బాబూ" అన్నాడు. టెన్త్ తప్పాడట. థియరీ తెలీకుండా అంత ధైర్యంగా ఎలా చెప్పగలిగాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత అందరిలాగే అమీర్‌పేటలో జావా నేర్చుకోవడానికి చేరాను. ఒకరోజు క్లాసు మధ్యలో టప్‌మని శబ్దం, చీకటి. "ఇక్కడ ట్రిపుల్ ఈ వాళ్ళెవరైనా ఉన్నారా?" అని సారు అడిగితే, సెల్‌ఫోన్ వెలుగులో సగానికి సగం చేతులు లేచాయి.

"గుడ్. ఎవరో ఒకరు వెళ్ళి ఎలక్ట్రీషియన్‌ని పిలుచుకురండి."