టికెట్ నంబర్ లేని పని

2024 జూలై 19, శుక్రవారం. మన టైమ్ ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు చిన్న అప్‌డేట్ ఒకటి వదిలింది. అందులో తప్పు దొర్లింది. అది అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలం తెర చూపించి, రీస్టార్ట్ అయి, మళ్లీ నీలం తెర దగ్గరికే వచ్చాయి. మైక్రోసాఫ్ట్ లెక్కన అలా పడకేసినవి 85 లక్షలు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు సోషల్ మీడియా అంతా తిరిగింది.

గంటా పద్దెనిమిది నిమిషాల్లో కంపెనీ ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. కానీ పడిపోయిన మెషీన్ లేస్తేగా దిద్దిన ఫైలు దిగేది! రిమోట్‌లో చూద్దామన్నా ముందు విండోస్ తెరుచుకోవాలి. కొన్ని పదే పదే రీస్టార్ట్ చేస్తే దారికొచ్చాయి. మిగతా చాలావాటికి ఐటీ సపోర్ట్ మనిషే సీటు దగ్గరికెళ్లి, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలు డిలీట్ చేయాల్సి వచ్చింది. తర్వాత పక్క సీటు. ఆ తర్వాత దాని పక్కది.

డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న లాప్‌టాప్ అయితే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఇంట్లో ఉన్న ఉద్యోగికి ఫోన్లో అది చదివి చెప్పడమెంత యాతనో చేసినవాళ్లకే తెలుసు.

"ఐదో దాంట్లో చివరిది ఫైవా, నైనా?"

"నైన్ మేడమ్. ఎన్ ఫర్ నెల్లూరు."

మన దగ్గర ఈ ఐటీ సపోర్ట్ గొంతు తగ్గించి చెప్పుకునే ఉద్యోగం. "సాఫ్ట్‌వేరేనా బాబూ?" అని పెళ్లిలో ఎవరైనా అడిగితే "సపోర్ట్ అండీ" అనేసి ప్లేటు పట్టుకుని జరిగిపోతారు. చాలామందికి మెడలో ట్యాగ్ ఒక కంపెనీది, పేస్లిప్ ఇంకో కంపెనీది. వెండర్‌కూ క్లయింట్‌కూ మధ్య మాటంతా ఎస్‌ఎల్‌ఏ (ఎంత సేపట్లో పని పూర్తి చేయాలన్న ఒప్పందం) గురించే: ఎన్ని టికెట్లు, అంటే నమోదైన ఫిర్యాదులు, ఎంత సేపట్లో మూశారు?

నా అభ్యంతరం ఆ లెక్క మీదే. ఒకే ఫ్లోర్‌లో ప్రింటర్ వారానికి నాలుగుసార్లు మొరాయిస్తే, ప్రింట్ పనుల్ని వరుసలో పెట్టే స్పూలర్‌ను రీస్టార్ట్ చేసి వచ్చినవాడి ఖాతాలో నాలుగు టికెట్లు. మొదటి రోజే డ్రైవర్ మార్చి పీడ వదిలించినవాడికి ఒక్కటే. పాస్‌వర్డ్ రీసెట్లు పోర్టల్‌కు అప్పగించడం మంచిదే, దానికి మనిషి అక్కర్లేదు. కానీ టికెట్లు తగ్గాయని మనుషుల్నీ తగ్గిస్తే, ఏ లాప్‌టాప్ ఎవరి దగ్గరుంది, దాని కీ సేవ్ అయిందా లేదా అన్నది కూర్చుని సరిచూసేదెవరు? ఉద్యోగం మానేసినవాళ్ల పేరు మీదే ఇంకా లాప్‌టాప్‌లు కనిపించే అసెట్ షీట్లు (ఏ మెషీన్ ఎవరిదో రాసుకునే జాబితాలు) నేను చూశాను. ఆ శుక్రవారం లాంటి రోజున మొదట వెతికేది ఆ షీటునే. దాన్ని సరిచేసే పనికి మాత్రం టికెట్ పడదు, కాబట్టి రిపోర్టుకెక్కదు.

రెన్యూవల్‌కు వచ్చిన కాంట్రాక్టుల్లో ఈ పనికి వారానికో పూట విడిగా రాయాలి. ఆ పూట టికెట్లు ఎన్ని మూశారని అడగకూడదు.