కోదండం ఊసే లేదేం?
మ్యూజియంలో పెట్టిన పాత బడి గది గురించి మీరు రాస్తూ అప్పటి పిల్లలకు మేష్టారంటే భక్తే తప్ప భయం లేదన్నారు, నేనొప్పుకోను. విజయనగరం దగ్గర మా పల్లెలో మేష్టారి సైకిల్ బెల్లు వినబడితే చాలు, పశువులశాలలో దూరేవాళ్ళం. ఆ గదిలో పెట్టిన చెక్క పలక బాగుంది, అది నల్లగా రావాలని బొగ్గూ దొండాకూ కలిపి రుద్దేవాళ్ళం, చేతులూ చొక్కా ఒక్కోసారి మూతి కూడా అదే రంగు, దానికి ఇంట్లో అమ్మ తిట్లు వేరే. అవన్నీ చూపించండి, కాదనను. కానీ గోడకుర్చీ, తొడపాశం, మా నాన్న చెప్పే కోదండం, అంటే దూలానికి తాడు కట్టి పిల్లాణ్ణి వేలాడదీయడం, వీటి మాటేమిటి? బడిలో కొట్టడం నిషేధమని దేశమంతటికీ చట్టం చేసిందే 2009లో, విద్యాహక్కు చట్టంతో. అంతకుముందు 'కళ్ళు తప్ప మిగతాదంతా మీదే మేష్టారూ' అని తండ్రులే అప్పజెప్పి వెళ్ళేవారు.