కవరు, గ్లాసు, నేను

ముందే చెప్పేస్తున్నాను, ఆ నీళ్లు నేను కావాలని పొయ్యలేదు. మా అక్క ఇప్పటికీ నమ్మట్లేదు. మా బావ నమ్మాడు గానీ, ఆ ఇంట్లో ఆయన మాటే ఎవరూ నమ్మరు కాబట్టి దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

అసలు తప్పంతా నా కాలి బొటనవేలిది. కిందటేడు బాత్రూమ్‌లో జారి దాన్ని విరగ్గొట్టుకుని ఆరు వారాలు మంచమెక్కాను. రిటైరైన మనిషికి పేపరు పావుగంటలో అయిపోతుంది. టీవీలో వార్తలు పెడితే బీపీ పెరుగుతుంది. నా బాధ చూడలేకో, నా నస వినలేకో మా అమ్మాయి ట్యాబ్‌లో ఒక కొరియా సీరియల్ పెట్టి, "ఇది చూస్తూ ఉండు నాన్నా, టైమే తెలీదు" అని ఆఫీసుకి వెళ్లిపోయింది.

దాని పేరు 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ'. 2019 డిసెంబర్లో మొదలై 2020 ఫిబ్రవరిలో అయిపోయింది, మొత్తం 16 ఎపిసోడ్లు. దక్షిణ కొరియాలో కోటీశ్వరుల పిల్ల ఒకతి పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలిలో చిక్కుకుని, సరిహద్దు దాటి ఉత్తర కొరియాలో ఓ చెట్టుకి వేలాడుతుంది. కింద ఒక మిలిటరీ కెప్టెన్ తుపాకీ పట్టుకుని ఉంటాడు. బెల్టు విప్పుకుంటే సరిగ్గా ఆయన మీదే పడుతుంది.

"మన సినిమాల్లో కూడా ఇలా పడరే" అన్నాను సాయంత్రం.

"ఎన్ని చూశావు నాన్నా?"

"నాలుగు."

పడటం నమ్మలేదు గానీ, పడ్డాక జరిగిందంతా నమ్మాను. కారణం ఆ ఊరు. పక్కింటి ఆడవాళ్లు పితూరీలు మోసుకొస్తారు, కిమ్చీ పచ్చడి పెట్టుకుంటారు. ఒక ఎపిసోడ్‌లో కరెంటు పోయి రైలు పొలాల మధ్య రాత్రంతా ఆగిపోతే, ఎక్కడినుంచో జనం దుప్పట్లూ తిండీ పట్టుకుని అమ్ముకోవడానికి పరిగెత్తుకొస్తారు. మా చిన్నప్పటి ప్యాసింజర్ బండి గుర్తొచ్చింది. కథలో ఒక పెద్ద అబద్ధం ఉన్నప్పుడు చుట్టూ వంద చిన్న నిజాలు పేర్చాలని ఆ రాసినావిడకి ఎవరు చెప్పారో గానీ బాగా చెప్పారు.

అందులో నాకు హీరో కన్నా ఎక్కువ నచ్చినవాడు కిమ్ జు-మొక్ అనే సిపాయి. ఉత్తర కొరియాలో ఉండి దక్షిణాది సీరియళ్లు దొంగతనంగా చూస్తాడు. ఈ పిల్ల ఏం మాట్లాడినా, ఏం చేసినా దాని అర్థమేమిటో తోటి సిపాయిలకి విడమరిచి చెబుతాడు. సీరియళ్లు చూసి సంపాదించిన జ్ఞానం ఊరికే పోలేదు, చివరికి వాడికి తన అభిమాన నటి చోయ్ జి-ఊని కలిసే అదృష్టం కూడా పట్టింది. మా ఇంట్లో నేను ఆ సిపాయినైపోయాను. తేడా ఏమిటంటే నా జ్ఞానం నాకు తెచ్చిపెట్టింది వేరు.

కాలు బాగైనా అలవాటు పోలేదు. మా ఆవిడ మొదట్లో నవ్వింది. ఆవిడ చూసే సీరియల్లో హీరోయిన్‌కి మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు నెల తప్పింది, బీటెక్‌లో క్యాంపస్ సెలెక్షన్ అయ్యాక పురుడొచ్చింది. కాబట్టి ఆవిడ నవ్వుని నేను లెక్కచెయ్యలేదు. 16 ఎపిసోడ్లలో పుట్టి, ప్రేమించి, విడిపోయి, కలిసి, ఎవరిళ్లకి వాళ్లు పోయే కథలో ఉన్న సుఖం ఆవిడకి చెప్పినా అర్థం కాదు.

అలాగని అంతా సవ్యంగా అర్థమైందనీ చెప్పను. ఒకదాంట్లో ఆ పిల్ల హీరోని 'ఒప్పా' అని పిలుస్తుంది. సొంత అన్ననీ 'ఒప్పా' అనే పిలుస్తుంది. ఒప్పా అంటే అన్నయ్య అని నెట్‌లో చూసుకుని, మూడు ఎపిసోడ్లపాటు ఈ ఘోరం ఎవరూ ఆపరేమిటని నలిగిపోయాను. "ప్రేమించినవాణ్నీ అలాగే పిలుస్తారు నాన్నా" అని మా అమ్మాయి చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను. మనకి 'బావ' అనే మాట ఉంది కాబట్టి బతికిపోయాం. అమ్మని 'ఒమ్మా', నాన్నని 'అప్పా' అనే జనం ఈ ఒక్క దగ్గర ఎందుకు పిసినారితనం చేశారో మరి.

ఇంకో పెద్ద ఫిర్యాదు ఉంది, సెకండ్ హీరో గురించి. 2015లో మొదలైన 'రిప్లై 1988' చూసినవాళ్లకి నా బాధ తెలుస్తుంది. సియోల్‌లో సాంగ్‌మున్-దాంగ్ అనే పేటలో ఒకే సందులో ఐదు కుటుంబాలు. మొదటి ఎపిసోడ్‌లోనే రాత్రి భోజనాల వేళ పిల్లలు గిన్నెలు పట్టుకుని ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరుగుతుంటారు. ఆ ఇంటి కూర ఈ ఇంటికి, ఈ ఇంటిది పై ఇంటికి. రాజమండ్రిలో మా సందు ఇలాగే ఉండేది, గిన్నె మాత్రం ఖాళీగా తిరిగొచ్చేది కాదు. సరే, అందులో జంగ్-హ్వాన్ అనే కుర్రాడు తమ ఇంటి కింది వాటాలో ఉండే అమ్మాయిని లోలోపల ప్రేమిస్తాడు. ఒక వాన రాత్రి ఆ పిల్ల కోసం గొడుగు పట్టుకుని నిలబడి, గొడుగు చేతిలో పెట్టి, "పెందరాళే ఇంటికి రా" అని మాత్రం అంటాడు. ఒరేయ్, ఇంకో నాలుగు ముక్కలు అనరా! అనడు. చివరికి అసలు సంగతి చెబుదామని కారెక్కితే దారిలో ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంటుంది, ఈలోగా ఆటల పోటీ వదిలేసుకుని ఇంకొకడు ముందే వచ్చి నిలబడతాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అప్పుడే ఒక సూత్రం రాసుకున్నాను: కొరియాలో గొడుగు తెచ్చినవాడికి పిల్ల దక్కదు.

ఇలాంటి సూత్రాలు నా దగ్గర చాలా ఉన్నాయి. జ్వరమొస్తే మనసు మారుతుంది. పదిహేనో ఎపిసోడ్‌లో ఎవరో ఒకరు విదేశాలకి పోతారు, 'ఒక సంవత్సరం తరవాత' అని తెర మీద పడుతుంది (ఇది రాసేవాళ్ల బద్ధకం అని నా గట్టి అభిప్రాయం). అన్నిటికన్నా ముఖ్యమైంది కవరు.

కవరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, నా కేసంతా దాని మీదే ఆధారపడి ఉంది. డబ్బున్న అబ్బాయి, లేని అమ్మాయి. అబ్బాయి తల్లి అమ్మాయిని కాఫీ హోటల్‌కి పిలిపిస్తుంది. హ్యాండ్‌బ్యాగులోంచి తెల్ల కవరు తీసి, రెండు వేళ్లతో బల్ల మీద ముందుకి జరుపుతుంది. మావాణ్ని వదిలెయ్యి, ఇది తీసుకో అంటుంది. అమ్మాయి వద్దంటుంది. అంతే, ఎదురుగా ఉన్న నిండు గ్లాసు లేస్తుంది, నీళ్లు పిల్ల మొహాన పడతాయి. కొరియా కాఫీ హోటల్లో బల్ల మీద నిండు గ్లాసు కనబడిందంటే అది తాగడానికి పెట్టింది కాదని పసిపిల్లాడికైనా తెలుసు.

ఈ తల్లి పాత్ర ఎంత గట్టిదంటే, జపాన్‌లో ఒక బొమ్మల కథగా వచ్చిన దాన్ని 2001లో తైవాన్, 2005లో జపాన్, 2009లో కొరియా, 2018లో చైనా, 2021లో థాయ్‌లాండ్ వరసగా సీరియళ్లు తీశాయి. దేశాలు మారాయి, అబ్బాయిల జుట్టు మారింది, ఆ తల్లి మాత్రం చలించలేదు. కొరియా వాళ్లు తీసిన 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్'లో ఆవిడ డబ్బు పట్టుకుని పిల్ల ఇంటికే వస్తే, పిల్ల తల్లి ఉప్పు తెచ్చి ఆవిడ నెత్తిన కుమ్మరిస్తుంది. వాళ్లకీ చెడు పోవడానికి ఉప్పే చల్లడం. అది చూసి నేను చప్పట్లు కొట్టాను. దిష్టి విషయంలో ఆసియా అంతా ఒక్కటే.

ఇక రాజమండ్రి. మా అక్క కూతురికి పెళ్లిచూపులు. పిల్ల హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, అబ్బాయిదీ అక్కడే ఉద్యోగం, వాళ్లది కాకినాడ. మేనమామ లేకుండా పెళ్లిచూపులేమిటని అక్క నన్ను పిలిచింది. ఆ మాట అన్నందుకు తరవాత చాలాసార్లు పశ్చాత్తాపపడింది.

అబ్బాయి తల్లి ఉప్పాడ పట్టుచీరలో వచ్చింది. మెళ్లో రెండు పేటల ముత్యాలు, చేతిలో నల్ల హ్యాండ్‌బ్యాగు. ఆ బ్యాగు చూడగానే నాలో ఏదో కదిలింది. టీపాయి మీద కాజాలు, జంతికలు, మంచినీళ్లు పెట్టారు. అన్నీ స్టీలు గ్లాసులు, అన్నీ నిండుగా. మా అక్కకి సగం గ్లాసు ఇవ్వడం మర్యాద కాదు.

కాసేపు వానల గురించి, రైళ్ల గురించి మాట్లాడారు. అప్పుడావిడ మా పిల్లని, "ఇలా రామ్మా, నా ఎదురుగా కూర్చో" అంది. పిల్ల కూర్చుంది. "నీతో సూటిగా ఒక మాట చెప్పాలమ్మా. మావాడి గురించి."

నా వెన్ను నిటారుగా అయింది.

ఆవిడ బ్యాగు జిప్పు తీసింది. పొడుగాటి తెల్ల కవరు తీసింది. టీపాయి మీద పెట్టి, రెండు వేళ్లతో, అవే రెండు వేళ్లతో, ముందుకి జరిపింది.

"ముందు ఇది తీసుకో."

మా పిల్ల బిత్తరపోయి, "ఇప్పుడెందుకండీ" అంది. వద్దన్నట్టే కదా! ఆవిడ కుడిచెయ్యి గ్లాసు మీదకి వెళ్లింది.

ఇక్కడ నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారో నిజాయితీగా చెప్పండి. మేనకోడలు. కొత్త చీర. పదిమంది ముందు. నేను "వద్దు వదినగారూ!" అని అరిచి, సోఫాలోంచి లేచి ఆ గ్లాసు పట్టుకున్నాను. దాహమేసి గ్లాసు ఎత్తుకున్న మనిషి చేతిలోంచి ఎవరో లాక్కుంటే ఎవరైనా గట్టిగానే పట్టుకుంటారు. ఆవిడా పట్టుకుంది. నేను లాగాను. సరిగ్గా అప్పుడే నా బొటనవేలు, ఆ విరిగి అతుక్కున్నదే, టీపాయి కాలికి తగిలింది. ప్రాణం జివ్వుమంది. ముందుకి తూలాను.

కొరియాలో అయితే దీన్ని మూడు కోణాల్లో మూడుసార్లు నెమ్మదిగా చూపించి, వెనకాల పాట వేసేవాళ్లు. మా అక్కావాళ్ల హాల్లో ఒక్కసారే జరిగింది. గ్లాసెడు నీళ్లు కాబోయే వియ్యపురాలి ఉప్పాడ చీర మీద పడ్డాయి. మిగిలినవి కవరు మీద.

"ఒరేయ్!" అంది అక్క. మా ఆవిడ కళ్లు మూసుకుంది. అబ్బాయి తండ్రి ఇంకో కాజా తీసుకున్నాడు. బావ లేచి, తన వంతుగా ఫ్యాన్ ఐదులో పెట్టాడు, దాంతో తడి కవరు ఎగిరి ఆవిడ ఒళ్లో పడింది.

"అదికాదండీ, కొరియాలో..." అని మొదలుపెట్టాను. మా ఆవిడ గిచ్చిన చోట ఇప్పటికీ మచ్చ ఉంది.

కవరులో ఉన్నది అబ్బాయి జాతకం. పెద్దవాళ్లెవరో సిరాతో చేత్తో రాసింది, గురుడూ శనీ ఒకే ఇంట్లోకి కారిపోయారు. ఇక ఆవిడ సూటిగా చెప్పాలనుకున్న మాట ఏమిటో తువ్వాలుతో తుడుచుకుంటూ చెప్పింది: "మావాడు గురక పెడతాడమ్మా. రేపు పెళ్లయ్యాక ముందే చెప్పలేదని నన్ననకూడదు."

జాతకం పాడైందని అక్క ఏడుపు మొహం పెడితే ఆవిడ, "పర్లేదు వదినగారూ, ఫోన్‌లో ఫొటో ఉంది, వాట్సాప్‌లో పెడతాను" అంది. చూశారా, కొరియాలో ఆ కాగితం తడిసిందంటే మూడు ఎపిసోడ్లు నడిచేవి. మన జీవితాల్లో కథకి చోటే లేకుండా పోయింది.

వాళ్లు వెళ్లాక అక్క వంటింట్లోంచి గుప్పెట్లో కళ్లుప్పు పట్టుకుని నా మీదకి వచ్చింది. నేను రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని గోడకి నక్కాను. "దిష్టి తీద్దామని పిల్ల కోసం తెచ్చానురా, నీకేమైంది?" అంది. ఏమని చెప్పను?

రెండు రోజులకి వాళ్ల దగ్గర్నించి ఫోనొచ్చింది. చీర ఆరింది, మరకేమీ లేదు, పిల్ల నచ్చింది, పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఒకసారి విడిగా మాట్లాడుకుంటే బావుంటుంది అని. 'విడిగా' అన్న మాట ఆవిడ రెండుసార్లు నొక్కి చెప్పిందట.

కలిసొచ్చిన రాత్రి మా మేనకోడలు నాకే ముందు ఫోన్ చేసింది. అప్పుడే భోజనానికి కూర్చున్నాను.

"మామయ్యా, బాగానే మాట్లాడాడు. బయటికొచ్చేసరికి వాన. ఆయనే గొడుగు తెచ్చాడు. నా చేతికిచ్చి, జాగ్రత్తగా వెళ్లండి అన్నాడు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఇంకేమీ అనలేదా?"

"లేదు."

"మరి అతను?"

"తడిసిపోయాడు పాపం. ఎందుకు మామయ్యా?"

"ఆ గొడుగు తిరిగిచ్చేశావా?"

"ఇంకా లేదు, రేపు ఇచ్చేద్దామని..."

"ఇవ్వకు! అతనే వచ్చి అడగాలి. సిగ్నల్స్ ఎర్రగా ఉన్నా సరే రావాలి. నువ్వు మాత్రం..."

ఇంకా చెప్పేవాణ్నే. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుని, రెండో చేత్తో నా ముందున్న మంచినీళ్ల గ్లాసు తీసి అవతల పెట్టింది.