బ్రాడ్‌చర్చ్ కోర్టులో సడలిన నమ్మకం

2013లో బ్రిటన్‌లోని ఐటీవీ ఛానెల్ ప్రసారం చేసిన 'బ్రాడ్‌చర్చ్' ధారావాహిక ఎనిమిది వారాల పాటు ఆ దేశాన్ని టీవీల ముందు కట్టిపడేసింది. డోర్సెట్ తీరంలోని ఒక చిన్న ఊళ్లో పదకొండేళ్ల డానీ లాటిమర్ హత్య, ఒకరిని చూసి ఒకరు అనుమానంతో నలిగిపోయే ఇరుగుపొరుగు, చివరికి దర్యాప్తు చేసిన ఇద్దరు డిటెక్టివ్‌లలో ఒకరైన ఎల్లీ మిల్లర్ భర్తే హంతకుడని తేలడం, ఇవన్నీ కలిసి దాన్ని మామూలు అపరాధ పరిశోధన కథల కన్నా ఎత్తున నిలబెట్టాయి. చివరి భాగాన్ని దాదాపు 90 లక్షల మంది చూశారు. ఎల్లీ పాత్రధారి ఒలీవియా కోల్‌మన్‌కు మరుసటి ఏడాది బ్రిటన్ సినిమా, టీవీ రంగాల ప్రతిష్ఠాత్మక పురస్కారమైన బాఫ్టా ఉత్తమ నటిగా దక్కింది. అంతటి ఆదరణ తర్వాత 2015 జనవరి 5న మొదలైన రెండో సిరీస్ మాత్రం ప్రేక్షకులను రెండు వర్గాలుగా చీల్చింది. ఆ చీలికను అభిమానుల అలకగా కొట్టిపారేయడం సరికాదని మా అభిప్రాయం.

రెండో సిరీస్ మొదటి భాగంలోనే, నేరం ఒప్పుకున్న ఎల్లీ భర్త జో మిల్లర్ కోర్టులో తాను నిర్దోషినని అంటాడు. ముగిసిందనుకున్న కథ అక్కడ మళ్లీ తెరుచుకుంటుంది. ఈ మలుపు వెనుక ఉన్న ఆలోచన గొప్పదని ఒప్పుకోవాలి. నేరస్థుడు దొరికాక ఆ కుటుంబం ఏమవుతుంది, తెలిసిన నిజాన్ని పన్నెండు మంది జ్యూరీ ముందు రుజువు చేయడం ఎంత కష్టం అనే ప్రశ్నలను నేరకథలు సాధారణంగా పట్టించుకోవు. రచయిత క్రిస్ చిబ్నాల్ పట్టించుకున్నాడు. కొడుకును పోగొట్టుకున్న బెత్, ఆమె పక్కింటి స్నేహితురాలిగా ఉండి ఇప్పుడు హంతకుడి భార్యగా మిగిలిన ఎల్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని సన్నివేశాల కోసమైనా ఈ సిరీస్ చూడాలని ఒక వర్గం వాదించింది. ఆ వాదనలో బలం ఉంది.

రెండో వర్గం ఫిర్యాదు కోర్టు గదిలో మొదలైంది. న్యాయవాద వృత్తిలో ఉన్నవారు సైతం ఆ రోజుల్లో బహిరంగంగానే పెదవి విరిచారు. సాక్ష్యం చెప్పాల్సిన మనుషులే తమ వంతు రాకముందు గ్యాలరీలో కూర్చుని ఇతరుల వాంగ్మూలాలు వినడం కనిపిస్తుంది. విన్న మాటల ప్రభావం తమ సాక్ష్యంపై పడకూడదని ఇంగ్లండ్ కోర్టుల్లో సాక్షులను మామూలుగా బయటే ఉంచుతారు. ఇది చిన్న పొరపాటని సరిపెట్టుకోవచ్చు. కానీ కథకు ఇరుసు లాంటి ఒప్పుకోలు విషయంలో సరిపెట్టుకోవడానికి వీల్లేదు.

మొదటి సిరీస్ చూసిన ప్రతి ఒక్కరికీ ఆ వరుస గుర్తుంది. డానీ ఫోన్ సంకేతం వెంట వెళ్లిన రెండో డిటెక్టివ్ హార్డీకి జో తన పెరటి షెడ్డులో దొరుకుతాడు, అక్కడే తప్పు ఒప్పుకుంటాడు. విషయం తెలిసి తట్టుకోలేకపోయిన ఎల్లీ స్టేషన్‌లో అతణ్ని తన్నింది ఆ తర్వాతే. రెండో సిరీస్‌లో డిఫెన్స్, అంటే జో తరఫు న్యాయవాదులు, ఆ దెబ్బలను చూపి, ఒప్పుకోలు ఒత్తిడితో రాబట్టినదని వాదిస్తుంది, ఆ ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లకుండా పోతుంది. బలవంతపు ఒప్పుకోలును పక్కన పెట్టాలని 1984 నాటి పోలీసు, నేర సాక్ష్యాల చట్టం చెబుతున్న మాట నిజమే. అయితే నిందితుడు స్టేషన్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి జరిగే ప్రతిదాన్నీ నమోదు చేయాలని, విచారణను రికార్డు చేయాలని పట్టుబట్టేది కూడా ఆ చట్టం కింది నియమావళే. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆ కాగితాలే తేల్చగల విషయం. తమ కళ్లతో చూసిన వరుసను తెర మీది న్యాయమూర్తి పట్టించుకోకపోయేసరికి ప్రేక్షకుడికి ఒళ్లు మండింది. అందులో తప్పేముంది?

ఈ ఘట్టం తెలుగు పాఠకులకు ఇంకొంచెం వింతగా తోచవచ్చు. పోలీసు అధికారి ఎదుట నిందితుడు చేసిన ఒప్పుకోలును అతనికి వ్యతిరేకంగా రుజువు చేయరాదని మన దేశంలో 1872 నాటి సాక్ష్య చట్టమే నిర్దేశించింది. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నియమాన్ని నిలుపుకొంది. దెబ్బల భయంతో పలికించిన మాట ఎంత ప్రమాదకరమో గుర్తించబట్టే చట్టం అంత జాగ్రత్త తీసుకుంది. ఇంత బరువైన రక్షణను కథ ముందుకు నడవడానికి వాడుకునే మీటగా మార్చితే, నిందితుల హక్కులంటే హంతకులు తప్పించుకునే సందులన్న భావన చూసేవారి మనసుల్లో నాటుకుంటుంది. మా ఆందోళనకు అసలు కారణం ఇదే.

చివరికి జ్యూరీ జోను నిర్దోషిగా వదిలేస్తుంది. నిజానికి అతణ్ని విడుదల చేయించడానికి చిబ్నాల్ చేతిలో నిజాయితీ గల సామగ్రి దండిగా ఉంది. హత్య జరిగిన రాత్రి డానీ తండ్రి మార్క్ ఇంట్లో లేడు, వేరొక స్త్రీతో ఉన్నాడు, ఆ సంగతి మొదట దాచాడు. జూదం అప్పుల్లో మునిగిన తన తోబుట్టువు నోరు విప్పించడానికి ఎల్లీ డబ్బిచ్చింది. ఈ రెండూ మొదటి సిరీస్‌లోనే నాటిన విత్తనాలు. డిఫెన్స్ న్యాయవాది షారన్ బిషప్ వాటిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్కొక్కటిగా బయటికి లాగుతున్నప్పుడు, తాను ప్రేమతోనో తొందరపాటుతోనో చేసిన పని హంతకుడికి కవచమవుతుంటే ఎల్లీ ముఖంలో కనిపించే బాధ ఈ సిరీస్‌లోకెల్లా నిజమైన క్షణాల్లో ఒకటి. మనుషుల బలహీనతల నుంచి పుట్టిన అనుమానంతోనే జ్యూరీ జోను వదిలేసి ఉంటే ఆ తీర్పు గుండెను కోసేది, ఎవరూ దాన్ని ప్రశ్నించేవారు కాదు.

ఇక సమాంతరంగా నడిచిన శాండ్‌బ్రూక్ కేసు, అంటే హార్డీ గతంలో దర్యాప్తు చేసినా తేలకుండా మిగిలిన పాత కేసు, గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక కీలక సాక్షిని పోలీసు శాఖ ప్రమేయం లేకుండా హార్డీ తానే ఒక కుటీరంలో దాచి కాపాడటం, అనుమానితుడు కూడా ఆ ఊరికే చేరుకోవడం వంటివి కథా సౌకర్యం కోసం వచ్చి పడినవే. కోర్టు కథకు కావలసిన సమయాన్ని అవి తినేశాయి.

'ఇది కల్పన కదా, కల్పనలో చట్టం పుస్తకాలు వెతకడమెందుకు' అని సమర్థకులు అడిగారు. కాకతాళీయాలను ప్రేక్షకులు ఎప్పుడూ క్షమిస్తారు. మొదటి సిరీస్‌లోనూ అవి లేకపోలేదు. కానీ విచారణే కథా వస్తువైనప్పుడు విచారణ నియమాలు నేపథ్య చిత్రం కావు, కథ నిలబడే నేల అవే. న్యాయవాది పెట్టే ప్రశ్నకు విలువ ఉందని, సాక్షి జవాబుతో ఫలితం మారుతుందని నమ్మితేనే ఉత్కంఠ పుడుతుంది. ఆ నమ్మకం సడలాక ఎంత గొప్ప నటనైనా ఒంటరిగా కథను మోయలేదు.

కట్టుదిట్టంగా రాస్తే కథ చప్పబడుతుందన్న భయానికి ఇదే ధారావాహిక జవాబు చెప్పింది. 2017లో వచ్చిన మూడో సిరీస్ ఒక అత్యాచార కేసుతో మొదలవుతుంది. బాధితులకు అండగా ఉండే సంస్థలను, పోలీసులను సంప్రదించి దాన్ని రాశారు. మొదటి భాగంలో ట్రిష్ వింటర్‌మన్‌కు జరిపే వైద్య పరీక్షను అంచెలంచెలుగా చూపించారు. తొందర లేదు, ప్రతి అడుగుకూ ఆమె అనుమతి తీసుకుంటారు, ఆమె బట్టలను సాక్ష్యంగా సేకరిస్తారు. మలుపు ఒక్కటీ లేని ఆ నిమిషాల్లో కళ్లు తిప్పుకోవడం సాధ్యం కాదు. పద్ధతిపై పెట్టిన అదే శ్రద్ధను రెండేళ్ల ముందు జో మిల్లర్ విచారణపైనా పెట్టి ఉండాల్సింది.